పసిఫికా 112: మొదటి ఎలక్ట్రిక్ గిటార్‌గా ఎందుకు కొనాలి, కొన్నాక ఏం చెయ్యాలి

తక్కువ డబ్బులో ఎలక్ట్రిక్ గిటార్ కొందామని చెన్నై మౌంట్ రోడ్డులో దుకాణాలు తిరిగేవాళ్లకి గోడ నిండా ఒకే పోలికతో గిటార్లు కనిపిస్తాయి. రెండు కొమ్ముల బాడీ, తీగల కదలికని కరెంటుగా మార్చే మూడు పికప్‌లు, శ్రుతిని వణికించడానికి వేలాడే ట్రెమొలో బార్. కొత్తవాళ్లు చివరికి రంగు చూసి ఎంచుకుంటారు. ఆ వరుసలో యమహా పసిఫికా దగ్గర ఎందుకు ఆగాలో, ఏ నంబరు తీసుకోవాలో, ఇంటికి తెచ్చాక దాన్ని ఎలా దారికి తెచ్చుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం. చేతిలో డబ్బుంటే 112వి తీసుకోండి. లేకపోతే 012 తీసుకుని మంచి సెటప్ (నెక్ వంపు, తీగల ఎత్తు లాంటివి సరిచెయ్యడం) చేయించండి. 212 జోలికి వెళ్లే ముందు ఒకసారి ఆలోచించండి. కారణాలు కింద ఉన్నాయి.

యమహా అనగానే మనవాళ్లకి ముందు బైకు గుర్తొస్తుంది. కానీ ఆ బైకు ట్యాంకు మీద ఉండే గుర్తు మూడు శ్రుతిదండాలు. 1887లో జపాన్‌లోని హమామత్సులో తొరాకుసు యమహా ఒక బడిలో పాడైపోయిన రీడ్ ఆర్గాన్‌ని బాగుచేశాడు, ఆ తర్వాత తానే ఆర్గాన్లు చెయ్యడం మొదలుపెట్టాడు. రీడ్ ఆర్గాన్ మన హార్మోనియానికి దగ్గర చుట్టం. మోటారు సైకిళ్ల కంపెనీ విడిగా ఏర్పడింది 1955లో. అంటే వాద్యాలే ముందు, బైకులు ఆ తర్వాత. ఎలక్ట్రిక్ గిటార్లలోకి యమహా 1966లో దిగింది. 1976లో వచ్చిన ఎస్‌జీ2000ని కార్లోస్ సంటానా చేతబట్టాక, జపాన్ కంపెనీ అమెరికా గిటార్లకి నకళ్లే కాకుండా సొంత గిటార్ కూడా చెయ్యగలదని లోకం ఒప్పుకుంది.

పసిఫికా పుట్టింది మాత్రం జపాన్‌లో కాదు. కాలిఫోర్నియాలోని నార్త్ హాలీవుడ్‌లో యమహాకి ఒక గిటార్ డిజైన్ కేంద్రం ఉండేది. అక్కడ రిచ్ లాస్నర్ నడిపిన బృందం దీన్ని గీసింది. ఆ చుట్టుపక్కల రికార్డింగ్ స్టూడియోల్లో పనిచేసే గిటారిస్టులకి ఒకే రోజులో పాప్, రాక్, జాజ్, ప్రకటనల పాటలు అన్నీ వాయించాల్సి వచ్చేది. పాటకో గిటార్ మోసుకెళ్లడం కుదరదు కాబట్టి అన్నిటికీ పనికొచ్చే ఒక్క గిటార్ కావాలి. ఫెండర్ కంపెనీవారి 1954 నాటి స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఆకారాన్ని తీసుకుని, తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జి దగ్గర ఒక్క తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌కి బదులు, రెండు చుట్టలతో లావైన శబ్దమిచ్చే హంబకర్ పెట్టి, నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో, అంటే ఫ్రెట్లలో, పైవాటి దాకా చెయ్యి సులువుగా వెళ్లేలా కొమ్ముల మధ్య లోతుగా కోసేవాళ్లు. 1980ల్లో ఈ పద్ధతి బాగా పాకింది. పసిఫికా 1990లో మార్కెట్లోకి వచ్చినప్పుడు అదే దారిలో, ఖరీదైన మోడళ్లతో వచ్చింది. ఆ తర్వాత అదే ఆకారాన్నీ, అదే పికప్‌ల అమరికనీ తక్కువ ధరలోకి దించినప్పుడు 112 వచ్చింది. ఈ పేరు ఇంతకాలం నిలవడానికి కారణం ఈ క్రమమే అని మా అభిప్రాయం. మొదట పనివాళ్ల కోసం గీసి, తర్వాత నేర్చుకునేవాళ్ల కోసం ధర తగ్గించారు. పిల్లల గిటార్ అనుకుని ఎవరూ గియ్యలేదు.

తొలినాళ్ల 112లు తైవాన్‌లో తయారయ్యాయి. ఇప్పటి 112వి ఇండోనేషియా నుంచి వస్తుంది. చెన్నై శివార్లలో యమహా ఫ్యాక్టరీ ఉంది కదా, ఇక్కడిదే అయ్యుంటుందని చాలామంది అనుకుంటారు. 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ ఫ్యాక్టరీ అకూస్టిక్ గిటార్లకీ, కీబోర్డులకీ పేరు తెచ్చుకుంది. ఎఫ్280 అకూస్టిక్ అక్కడిదే. 2024లో ఈ కుటుంబం పై అంచెలో స్టాండర్డ్ ప్లస్, ప్రొఫెషనల్ అని రెండు కొత్త రకాలు వచ్చాయి. మొదటిది ఇండోనేషియాది, రెండోది జపాన్‌ది. అవి ధరలో వేరే లోకం, ఇక్కడ వాటి సంగతి వద్దు.

పసిఫికా నంబర్లు చదవడం తెలిస్తే దుకాణంలో సగం ప్రశ్నలు అడగక్కర్లేదు. చివరి రెండు అంకెలు పికప్‌ల లెక్క. ముందుది హంబకర్లు ఎన్నో చెబుతుంది, వెనకది సింగిల్ కాయిల్స్ ఎన్నో చెబుతుంది. వాటికి ముందున్న అంకె గిటార్ ఏ అంతస్తుదో చెబుతుంది. 112 అంటే ఒకటో అంతస్తు, ఒక హంబకర్, రెండు సింగిల్ కాయిల్స్. 012 అంటే సున్నా అంతస్తు, అవే పికప్‌లు. 120హెచ్ అంటే రెండు హంబకర్లు, సింగిల్ కాయిల్ లేదు. 510వి అంటే ఒకే ఒక్క హంబకర్. జాజ్ గిటారిస్టు మైక్ స్టెర్న్ పేరు మీద వచ్చిన 1511ఎంఎస్‌కీ ఇదే లెక్క, అంతస్తు మాత్రం 15. పెద్ద నంబరుంటే మంచి శబ్దం అనుకుని కొనేవాళ్లకి ఈ లెక్క చెప్పి తీరాలి.

ఇక చెక్క సంగతి. 012 బాడీ అగతిస్ అనే ఆగ్నేయాసియా చెక్క. 112లోని జె, వి రకాలు రెండిటి బాడీ ఆల్డర్ చెక్క. అగతిస్ మెత్తగా ఉంటుంది. శబ్దంలో తేడా గురించి జనం గంటలు వాదించుకుంటారు కానీ, వాడకంలో అసలు తేడా స్క్రూల దగ్గర తెలుస్తుంది. మెత్తటి చెక్కలో బెల్టు తగిలించే బటన్ స్క్రూ రెండు మూడేళ్లకే వదులై బయటికొస్తుంది. స్క్రూ తీసి, రంధ్రంలో రెండు మూడు పళ్లపుల్లలకి ఫెవికాల్ రాసి దూర్చి, పైకి ఉన్నది తెగ్గోసి, ఒక రాత్రి ఆరనిచ్చి మళ్లీ స్క్రూ బిగిస్తే సరిపోతుంది. ఎంసీల్ లాంటివి కుక్కవద్దు, తర్వాత ఎప్పుడైనా విప్పాల్సి వస్తే చెక్కతో సహా ఊడివస్తుంది.

012లోనూ 112జెలోనూ పికప్‌లు సెరామిక్ అయస్కాంతాలవి. 112విలో ఆల్నికో 5 అనే మిశ్రలోహపు అయస్కాంతాలు. సెరామిక్ పికప్‌ల శబ్దం గట్టిగా, పై స్వరాల్లో కొంచెం గరుకుగా ఉంటుంది. డిస్టార్షన్ వేసి, అంటే శబ్దాన్ని కావాలని గరుకు చేసి వాయించేవాళ్లకి అది లోటుగా తోచదు. శుభ్రమైన టోన్‌లో ఒక్కో తీగా విడిగా మీటినప్పుడు ఆల్నికోలో మెత్తదనం తెలుస్తుంది. 112విలో ఇంకో సౌకర్యం, టోన్ నాబ్‌ని పైకి లాగితే బ్రిడ్జి హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి అది సింగిల్ కాయిల్‌లా పలుకుతుంది. దీన్నే కాయిల్ స్ప్లిట్ అంటారు. అయిదు స్థానాల స్విచ్‌తో కలిపి చూస్తే, పల్చటి రిథమ్ నుంచి బరువైన లీడ్ దాకా ఒకే గిటార్ మీద వస్తాయి. స్ప్లిట్ చేసినప్పుడు శబ్దం కాస్త తగ్గుతుంది, అది లోపం కాదు, ఒక కాయిల్ పని మానేసింది మరి.

212 దగ్గర ఆలోచించమన్నది ఇందుకు. దాని లోపలి సరంజామా 112వి లాంటిదే. అదనంగా ఉన్నది పైన అతికించిన పల్చటి మేపుల్ పొర, దాని అందమైన నరాలు. కళ్లకి నచ్చితే తప్పులేదు, కానీ ఆ డబ్బుతో గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే ఆంప్ (ఆంప్లిఫయర్) ఒక మెట్టు పైది వస్తుందేమో లెక్కేసుకోండి. అసలైన ఎత్తు 612 దగ్గర వస్తుంది. అందులో సేమర్ డంకన్ పికప్‌లు, తీగని బిగించి పట్టుకునే గ్రోవర్ లాకింగ్ ట్యూనర్లు, విల్కిన్సన్ బ్రిడ్జి ఉంటాయి. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

చేతికి ఈ గిటార్ ఎలా ఉంటుందంటే, పసిఫికా గెలిచేది ఇక్కడే. తీగ పొడవు 648 మి.మీ., 22 ఫ్రెట్లు, తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ, అంటే నట్, వెడల్పు 41 మి.మీ. ఇవి సాధారణ కొలతలే. ఫ్రెట్‌బోర్డు వంపు మాత్రం 350 మి.మీ. వ్యాసార్ధం. ఫెండర్ పాత గిటార్లలో ఇది 184 మి.మీ., ఆ కంపెనీదే అయిన తక్కువ ధర బ్రాండు స్క్వయర్ ఇప్పటి గిటార్లలో 241 మి.మీ. ఈ సంఖ్య పెరిగేకొద్దీ బోర్డు చదునుగా ఉంటుంది. గుండ్రటి బోర్డు మీద మొదటి తీగని (అన్నిటికంటే సన్నది) పక్కకి లాగితే, అది బోర్డు మధ్యలో ఉన్న ఎత్తైన భాగం మీదికి ఎక్కి పై ఫ్రెట్లకి తగిలి స్వరం చచ్చిపోతుంది. దాన్ని తప్పించాలంటే తీగల్ని ఎత్తుగా ఉంచాలి, అప్పుడు వేళ్లు నొప్పి. చదును బోర్డు మీద తీగలు కిందికి ఉంచినా ఇలా లాగిన స్వరం (బెండ్) పూర్తిగా పలుకుతుంది.

మనవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. మన పాట గమకం మీద నడుస్తుంది. పాలకొల్లు నుంచి మద్రాసు వచ్చిన మాండలిన్ శ్రీనివాస్ చిన్న ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక గమకాలన్నీ పలికించి చూపించారు. డొల్ల లేని బాడీ కావడం వల్ల తీగ కదలిక త్వరగా చచ్చిపోదు, ఆంప్ వల్ల చిన్న కదలిక కూడా వినిపిస్తుంది. మీటిన తర్వాత వేలు చేసే పని వినపడాలంటే ఈ రెండూ కావాలి. సంగీతం టీచర్ దగ్గర వర్ణాలు నేర్చుకుంటున్న పిల్లలకి అకూస్టిక్ కంటే సన్నతీగల సాలిడ్ బాడీ గిటార్ తేలిక అనడానికి కారణం ఇదే. పసిఫికా చదును బోర్డు మీద 0.009 అంగుళాల మొదటి తీగని రెండు స్వరస్థానాల దాకా లాగడం కొత్తవాళ్లకీ కష్టం కాదు.

అయితే ఒక చిక్కుంది, దాన్ని ముందే సరిచేసుకోవాలి. ఇది ట్రెమొలో బ్రిడ్జి. వెనక గాడిలో ఉన్న స్ప్రింగులు ఒకవైపు లాగుతుంటే ముందు ఆరు తీగలు ఇంకోవైపు లాగుతుంటాయి, మధ్యలో బ్రిడ్జి తేలుతూ ఉంటుంది. మీరు ఒక తీగని గట్టిగా పక్కకి లాగగానే ఆ బిగువుకి బ్రిడ్జి కొంచెం ముందుకి వాలుతుంది, మిగతా అయిదు తీగలూ శ్రుతి దిగిపోతాయి. రాక్ సోలోలో అది ఎవరికీ తెలియదు. కింద షడ్జమం మోగిస్తూ పైన గమకం వేస్తే వెంటనే చెవికి గుచ్చుకుంటుంది. పైగా ఒక తీగ తెగితే మిగతావన్నీ శ్రుతి పైకిపోతాయి.

బార్ వాడనివాళ్లు బ్రిడ్జిని బాడీకి ఆనించేస్తే సరి. వెనక ప్లేటు విప్పితే ఒక కొక్కీకి తగిలించిన స్ప్రింగులు, ఆ కొక్కీని చెక్కకి పట్టి ఉంచే రెండు పొడుగు స్క్రూలు కనిపిస్తాయి. తీగల్ని కొంచెం వదులు చేసి, రెండు స్క్రూల్నీ సమానంగా అరచుట్టు చొప్పున కుడివైపు తిప్పండి. మళ్లీ శ్రుతి చేసి చూడండి. బ్రిడ్జి అడుగు బాడీకి పూర్తిగా ఆని, రెండో తీగని గట్టిగా లాగినా లేవకపోతే పని అయిపోయినట్టే. ఇంకా లేస్తుంటే మరో స్ప్రింగు తగిలించండి. బ్రిడ్జి కిందికి దిగింది కాబట్టి తీగల ఎత్తు తగ్గుతుంది, ఎత్తూ స్వరస్థానాలూ మళ్లీ చూసుకోవాలి. బార్ కావాలనుకునేవాళ్లు మాత్రం బ్రిడ్జి వెనక అంచుకీ బాడీకీ మధ్య 3 మి.మీ. సందు ఉంచి, తీగలు మార్చేటప్పుడు ఒక్కోటే తీసి ఒక్కోటే వెయ్యాలి. ఆరూ ఒకేసారి తీసేస్తే బిగువు సమతూకం పోయి ఒక పూటంతా శ్రుతి చేస్తూ కూర్చోవాల్సిందే.

డబ్బాలోంచి తీసిన గిటార్‌ని అలాగే వాయించకండి. ఓడలో, గోదాములో, లారీలో నెలలు గడిపి, చెన్నై గాలికి వచ్చి చేరిన చెక్క అది. సెటప్‌లో వరుస తప్పకూడదు. ఒక పని తర్వాతి పనిని మారుస్తుంది కాబట్టి వెనక నుంచి మొదలుపెడితే అంతా రెండుసార్లు చెయ్యాలి.

ముందు కొత్త తీగలు వేసి, మీరు వాయించబోయే శ్రుతికి బిగించండి. తర్వాత నెక్ వంపు. ఆరో తీగని (అన్నిటికంటే లావుది) ఒకటో ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర ఇంకో చేత్తో నొక్కితే ఆ తీగే స్కేలులా పనిచేస్తుంది. ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య 0.2 నుంచి 0.25 మి.మీ. సందుండాలి, విజిటింగ్ కార్డు ఇరుగ్గా దూరేంత. సందు ఎక్కువుంటే నెక్ లోపల వంపుని సరిచేసే ఇనుప కడ్డీని, అంటే తల దగ్గర చిన్న మూత కింద కొస కనిపించే ట్రస్ రాడ్‌ని, కుడివైపు పావుచుట్టు బిగించాలి, సందే లేకపోతే పావుచుట్టు వదులు చెయ్యాలి. పావుచుట్టు తిప్పి, శ్రుతి చేసి, కాసేపు ఆగి కొలవండి. గిటార్‌తో వచ్చిన అలెన్ కీనే వాడండి, కొలత దగ్గరగా ఉందని వేరేది దూరిస్తే లోపలి మూలలు అరిగిపోయి ఆ రాడ్ ఇక ఎవరికీ లొంగదు. తిరగకుండా మొరాయిస్తే బలం చూపించొద్దు, గిటార్లు బాగుచేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

నెక్ సరయ్యాకే తీగల ఎత్తు. పన్నెండో ఫ్రెట్ మీద ఆరో తీగ కింద 2 మి.మీ., మొదటి తీగ కింద 1.6 మి.మీ. సందు మంచి ఆరంభం. మధ్య తీగల్ని బోర్డు వంపుకి తగ్గట్టు వాటి మధ్య సర్దండి. బ్రిడ్జి మీద ఒక్కో తీగని మోసే చిన్న ముక్క సాడిల్. ఒక్కో సాడిల్‌కీ రెండు చిన్న స్క్రూలుంటాయి, రెండూ సమానంగా తిప్పితేనే సాడిల్ అడ్డదిడ్డంగా వాలకుండా ఉంటుంది. తర్వాత నట్. తీగని మూడో ఫ్రెట్ మీద నొక్కి ఒకటో ఫ్రెట్ పైన చూడండి, వెంట్రుకంత సందుంటే చాలు. అంతకంటే చాలా ఎక్కువుంటే ఎఫ్ కార్డ్ (ఒకే వేలితో కొన్ని తీగల్ని కలిపి నొక్కే స్వరాల గుంపు) వేసేవాళ్ల వేళ్లు విరిగిపోతాయి, పైగా మొదటి ఫ్రెట్లలో స్వరం ఎక్కువ పలుకుతుంది. చవక గిటార్లు ఏ కంపెనీవైనా ఎక్కువమంది మధ్యలో మానేసేది ఈ నట్ ఎత్తు వల్లే. వేళ్లు ఇంకా గట్టిపడలేదేమో అనుకుంటారు. నట్ గాడి ఆకురాయితో లోతు చెయ్యడం మాత్రం ఇంట్లో ప్రయత్నించే పని కాదు, ఒక్క గీత ఎక్కువైతే ఖాళీ తీగ జరజరమంటుంది. శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని శబ్దం వస్తే మాత్రం గాడిలో మెత్తటి పెన్సిల్ ముల్లు రుద్దండి, తీగ జారడం మొదలుపెడుతుంది.

స్వరస్థానాలకి ట్యూనర్ కావాలి. పన్నెండో ఫ్రెట్ సరిగ్గా సగం దూరంలో, అంటే నట్ నుంచి 324 మి.మీ. దగ్గర ఉంటుంది. అక్కడ తీగని తాకీ తాకకుండా హార్మోనిక్ మోగించండి, తర్వాత అదే ఫ్రెట్‌ని నొక్కి మోగించండి. నొక్కినది ఎక్కువ పలికితే తీగ పొడవు చాలట్లేదు, సాడిల్‌ని వెనక్కి జరపాలి. తక్కువ పలికితే ముందుకి. పాత తీగలతో ఈ పని చేస్తే అంతా వృథా, తుప్పు పట్టిన తీగ దాని పొడవునా ఒకేలా ఊగదు. చివరగా పికప్‌ల ఎత్తు. చివరి ఫ్రెట్ నొక్కి, సింగిల్ కాయిల్ పికప్‌కీ లావు తీగకీ మధ్య దాదాపు 2.5 మి.మీ., సన్నతీగ వైపు 2 మి.మీ. ఉంచండి. శబ్దం పెరుగుతుందని మరీ దగ్గరికి లేపితే అయస్కాంతం తీగని లాగి, పై ఫ్రెట్లలో ఒకే స్వరం రెండుగా వణుకుతున్నట్టు వినిపిస్తుంది. ట్యూనర్ కూడా ఎటూ తేల్చుకోలేదు. గిటార్ చెడిపోయిందని చాలామంది అనుకునేది ఇక్కడే, రెండు స్క్రూలు కిందికి తిప్పితే సరిపోతుంది.

చెన్నై గాలి గురించి విడిగా చెప్పాలి. తిరువాన్మియూర్, బీసెంట్ నగర్, రాయపురం లాంటి సముద్రం పక్క ప్రాంతాల్లో ఉప్పుగాలి, చెమట కలిసి తీగల్ని వారాల్లోనే నల్లబరుస్తాయి. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తీగల పైనే కాదు, కింద కూడా గుడ్డ దూర్చి తుడవాలి. పూత ఉన్న తీగలు ఖరీదెక్కువైనా ఈ ఊళ్లో లెక్కకి వస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు సాడిల్‌లో ఉన్న చిన్న ఎత్తు స్క్రూలది. తుప్పు పట్టి బిగుసుకుపోయాక అలెన్ కీ తిప్పితే లోపలి మూలలు అరిగిపోతాయి. కొన్న రోజే ఒక్కో స్క్రూకి సూది మొనతో ఒక చుక్క కుట్టుమిషన్ నూనె పెట్టి, ఆర్నెల్లకోసారి అదే చెయ్యండి. చెక్కకి తగలనివ్వొద్దు. గిటార్ సంచిలో సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి ఉంచడం మంచిది.

వాల్యూమ్ తిప్పినప్పుడు బరబరమంటే నాబ్ కింద తిరిగే భాగంలో, అంటే పాట్‌లో, తేమ, దుమ్ము చేరినట్టు. ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ పాట్ సందులోకి కొద్దిగా కొట్టి, నాబ్‌ని ఇటు చివరి నుంచి అటు చివరికి ఓ ముప్పైసార్లు తిప్పితే చాలాసార్లు పోతుంది. తాళాలకీ గొలుసులకీ కొట్టే స్ప్రే వాడొద్దు. ఫ్రెట్లు నల్లబడితే అతి సన్నటి స్టీల్ ఊల్‌తో మెరుగు పెట్టొచ్చు, కానీ పికప్‌ల మీద టేపు పూర్తిగా అతికించాకే. లేకపోతే ఇనుప పొడి అయస్కాంతాలకి పట్టుకుని వదలదు. రోజ్‌వుడ్ బోర్డుకి ఏడాదికి ఒకటి రెండుసార్లు పల్చగా లెమన్ ఆయిల్ రాసి వెంటనే తుడిచెయ్యాలి. 112విఎం లాంటి మేపుల్ బోర్డు మీద వార్నిష్ లాంటి పూత ఉంటుంది, దానికి నూనె అక్కర్లేదు.

ఇక్కడ కొన్న గిటార్‌ని ఎండాకాలంలో హైదరాబాద్‌కో కడపకో తీసుకెళ్తే ఫ్రెట్ల చివర్లు అరచేతికి గుచ్చుకోవడం మొదలవుతుంది. చెక్క ఆరి అడ్డంగా కుంచించుకుపోతుంది, లోహం మాత్రం అంతే ఉంటుంది. రాత్రంతా ఏసీ నడిచే గదిలో గోడకి వేలాడదీసినా ఇదే జరగొచ్చు. వెంటనే ఆకురాయి పట్టుకోకండి. వాతావరణం మారాక సగం తగ్గుతుంది, అప్పటికీ గుచ్చుకుంటుంటేనే చివర్లు రాయించండి.

గుర్రుమనే హమ్ గురించి దుకాణాలకి వచ్చే ఫిర్యాదులు చాలా వరకు గిటార్‌వి కావు. సింగిల్ కాయిల్ పికప్ అంటేనే ఒక ఏంటెనా. ట్యూబులైటు చోకు, ఫ్యాన్ రెగ్యులేటర్, ఇన్వర్టర్, సెల్‌ఫోన్ ఛార్జర్, అన్నిటినీ వింటుంది. హంబకర్‌లో ఎదురెదురుగా పనిచేసే రెండు కాయిల్స్ ఆ చప్పుడిని ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ 1955లో దీనికి పేటెంట్ దరఖాస్తు పెట్టింది అందుకే. స్విచ్ బ్రిడ్జి వైపు పెట్టి హమ్ తగ్గిందో లేదో చూడండి. తీగల మీద చెయ్యి పెట్టగానే హమ్ తగ్గితే అది మామూలే, గిటార్ లోపలి ఎర్త్ వైరు బాగున్నట్టు. చెయ్యి పెడితే పెరిగినా, వేళ్లకి చురుక్కుమన్నా వాయించడం ఆపెయ్యండి. అది ఇంటి వైరింగ్‌లోనో ఆంప్‌లోనో ఎర్త్ లేదని అర్థం. పాత అద్దె ఇళ్లలో మూడు కన్నాల సాకెట్ ఉన్నంత మాత్రాన మూడోదానికి వైరు ఉంటుందని నమ్మకం లేదు. ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఆంప్ పెట్టుకోండి, రెండు పిన్నుల అడాప్టర్‌తో సరిపెట్టొద్దు.

కేబుల్ దూర్చే జాక్ దగ్గర శబ్దం వచ్చిపోతుంటే దాన్ని బిగించే మరనట్టు వదులైంది (తీగల నట్ కాదు). బయట నుంచి స్పానర్‌తో అలాగే బిగిస్తే లోపల జాక్ మొత్తం తిరిగి వైరు మెలిపడి తెగిపోతుంది. ప్లేటు విప్పి, లోపల జాక్‌ని వేళ్లతో పట్టుకుని బిగించాలి. కేబుల్‌ని ముందు బెల్టు సందులోంచి పోనిచ్చి ఆ తర్వాత జాక్‌లో పెట్టుకుంటే, కాలు తగిలినా జాక్ మీద లాగుడు పడదు.

పోటీలో ఉన్నవాటి మాటకొస్తే, స్క్వయర్ పేరుతో ఫెండర్ 1982లో జపాన్‌లో తక్కువ ధర గిటార్లు మొదలుపెట్టింది, అఫినిటీ వరుస ఇప్పుడు పసిఫికాకి నేరుగా ఎదురు నిలుస్తుంది. స్ట్రాట్ శబ్దమే కావాలి, మూడూ సింగిల్ కాయిల్సే కావాలి అనేవాళ్లు దాన్నే తీసుకోవాలి, అందులో వాదన లేదు. ఐబనెజ్ జియో వరుసలో జీఆర్‌జీ170డీఎక్స్‌కి 24 ఫ్రెట్లు, పల్చటి నెక్ ఉంటాయి, మెటల్ వాయించేవాళ్లకి నచ్చుతుంది. సినిమా పాటలు, కాలేజీ బ్యాండ్, చర్చి, కొంత కర్ణాటకం అన్నీ ఒకే గిటార్ మీద కావాలంటే మాత్రం మా ఓటు 112వికే. 012 పికప్‌లు బాగాలేవని వెంటనే మార్చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. మంచి పికప్‌ల సెట్టు, పెట్టే కూలీ కలుపుకుంటే మీరు పెట్టిన డబ్బు 112వి ధర దగ్గరికి వచ్చేస్తుంది, బాడీ మాత్రం అగతిస్సే. 012 మీద ఖర్చుపెట్టదగ్గవి తీగలు, సెటప్, నట్, అంతే.

పాతది కొనేవాళ్లకి 112 మంచి వేట, ముఖ్యంగా ఆల్డర్ బాడీ ఉన్నవి. చూడ్డానికి వెళ్లేటప్పుడు కేబుల్, చిన్న ఆంప్, ట్యూనర్, ఒక అలెన్ కీ సెట్టు తీసుకెళ్లండి. బాడీ వైపు నుంచి తల వైపుకి, తుపాకీ గురి చూసినట్టు నెక్ అంచు వెంట చూడండి. రెండు అంచులూ ఒకే వంపులో ఉంటే ట్రస్ రాడ్‌తో సరిచెయ్యొచ్చు, ఒకటి ఒకవైపు ఇంకోటి ఇంకోవైపు తిరిగితే అది మెలిక, దానికి మందు లేదు. మొదటి మూడు ఫ్రెట్ల మీద తీగల గాట్లు ఎంత లోతున్నాయో గోటితో తడిమి చూడండి. ప్రతి తీగ మీదా 1 నుంచి 22 దాకా ఒక్కో ఫ్రెట్టూ వాయించి, 12 నుంచి 15 మధ్య మొదటి రెండు తీగల్ని పూర్తిగా లాగి చూడండి, స్వరం ఎక్కడా ఆగకూడదు. స్విచ్ అయిదు స్థానాల్లోనూ పలకాలి, 112వి అయితే టోన్ నాబ్ లాగినప్పుడు శబ్దం మారాలి. ఆఖరున అమ్మేవాళ్లని అడిగి ట్రస్ రాడ్‌ని పావుచుట్టు వదులు చేసి మళ్లీ బిగించి చూడండి. రంగు పోయినా, గీతలు పడ్డా బేరమాడి తీసుకోవచ్చు. రాడ్ తిరగకపోతే, దాన్ని ముట్టుకోవద్దని వాళ్లు అడ్డుపడితే, ఎంత తగ్గించినా ఆ గిటార్ తీసుకోకండి.